తోడేలు విడిచిన బట్టలు

ఆస్ట్రేలియాలోని టూవూంబా పట్టణం బ్రిస్బేన్‌కు పడమరగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, గ్రేట్ డివైడింగ్ పర్వతశ్రేణి అంచున, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. చదువుకో ఉద్యోగానికో తెలుగునేల విడిచి అక్కడికి చేరిన కుర్రవాడు ఒక పౌర్ణమి నడిరాత్రి పెరట్లోకి వచ్చి తల ఎత్తితే చందమామ ఉత్తరాకాశంలో కనిపిస్తాడు. అందులోని కుందేలు తలకిందులుగా ఉంటుంది. దక్షిణార్ధగోళం వారికి అది మామూలు చంద్రుడే. అక్కడ చంద్రోదయమయ్యే వేళకు ఈ కుర్రవాడి ఇంట్లో ఇంకా మధ్యాహ్న భోజనాలు సాగుతూ ఉంటాయి. క్వీన్స్‌లాండ్‌లో వేసవికి గడియారాలు మార్చుకునే పద్ధతి లేదు కనుక, ఆ నాలుగున్నర గంటల దూరం ఏడాది పొడవునా తగ్గదు, పెరగదు.

పౌర్ణమికి తోడేలుగా మారే మనిషి కథను ఇలాంటి చోటి నుంచి చదివితే కొన్ని సంగతులు స్పష్టమవుతాయి. ఆ మనిషికి తెలుగులో స్థిరమైన పేరు లేదు. ఇక్కడ ‘తోడేలుమనిషి’ అనుకుందాం. ఆస్ట్రేలియా ఖండానికి తోడేలు ఎన్నడూ చేరలేదు. దాని దగ్గరి చుట్టం డింగో ఉంది. అదీ కొన్ని వేల ఏళ్ళ కిందట సముద్రం దాటి వచ్చిందే. దాన్ని గొర్రెల మందలకు దూరంగా ఉంచడానికి కట్టిన కంచె పొడవు సుమారు 5,600 కిలోమీటర్లు. టూవూంబాకు వాయవ్యంగా, డాల్బీ దగ్గరి జింబూర్ వద్ద అది మొదలై దక్షిణ ఆస్ట్రేలియా తీరం దాకా పోతుంది. సొంత గుంపును వదిలి ఇక్కడికి వచ్చిన యువ తోడేలుమనిషిని ఊహిస్తే, అతనికి తనవాళ్ళు లేరు, ఎరిగిన చంద్రుడు లేడు, కంచె మాత్రం ముందే సిద్ధంగా ఉంది.

దూరదేశం చేరి, ఎవరితోనూ మనసు విప్పని యువ తోడేలుమనిషి ఇప్పటి ఆంగ్ల జనరంజక సాహిత్యంలో బాగా పరిచితమైన పాత్ర. వలసవచ్చినవాడికి ఇతను ప్రతీక అని, పైకి కనిపించే మనిషి కొత్తదేశపు రూపమని, దాచిన మృగం వెంట తెచ్చుకున్న సంస్కృతి అని చదవడం పరిపాటి అయింది. ఈ చదువులో కొంత నిజం లేకపోలేదు. కానీ వలసవాడి భాష, తిండి, దేవుడు మృగమెలా అవుతాయన్న ప్రశ్న దగ్గర అది తడబడుతుంది. పైగా ఈ సంప్రదాయంలోని మేలైన కథలు రూపం మారడం మీద కన్నా, మారిన సంగతి ఎవరికి తెలుసు, తెలిసినవాళ్ళు ఏం చేశారు అన్నదాని మీదే నడుస్తాయి. వాటిలో మార్పు ఒక్క క్షణం పని. కథంతా ఆ తరువాతిదే.

పన్నెండో శతాబ్దపు కవయిత్రి మరీ ద ఫ్రాన్స్ రాసిన ‘బిస్‌క్లావ్రె’ దీనికి మంచి నిదర్శనం. ఆమె పేరే ‘ఫ్రాన్సుకు చెందిన మరీ’ అని. ఫ్రాన్సులో ఉన్నవారికి అలాంటి పేరు అవసరపడదు. ఆమె ఇంగ్లండులో ఉండి రాసిందని పండితులు ఎక్కువమంది భావిస్తారు. కథలో బ్రిటనీ ప్రభువు ఒకడు వారానికి మూడు రోజులు మాయమవుతుంటాడు. భార్య పట్టుబట్టి అడిగితే తాను తోడేలుగా మారతానని ఒప్పుకుంటాడు. ఆమె అక్కడితో ఆగదు. బట్టలు ఎక్కడ విడుస్తావని అడుగుతుంది. అవి పోతే మనిషిగా తిరిగి రాలేనని చెబుతూనే, పాత గుడి దగ్గరి తొలిచిన రాయి కింద దాస్తానని అదీ చెప్పేస్తాడు. ఆమె తనను కోరుకుంటున్న ఒక యోధుడి చేత వాటిని దొంగిలింపజేస్తుంది. ప్రభువు తోడేలుగానే మిగిలిపోతాడు. ఏడాది తరువాత వేటకు వచ్చిన రాజు పాదాన్ని ఆ తోడేలు ముద్దుపెట్టుకుంటే, ఈ జంతువుకు బుద్ధి ఉందని రాజు దాన్ని కోటకు తీసుకుపోతాడు.

చివరికి బట్టలు దొరుకుతాయి. వాటిని తోడేలు ముందు పెడితే అది చూడనైనా చూడదు. అప్పుడు ఒక వివేకి, అందరి ముందూ రూపం మార్చుకోవడానికి అది సిగ్గుపడుతోందని, గదిలో ఒంటరిగా వదిలి తలుపు వేయమని సలహా ఇస్తాడు. అలాగే చేస్తారు. కొంతసేపటికి తలుపు తీస్తే ప్రభువు రాజుగారి పడక మీద నిద్రపోతూ ఉంటాడు. ఈ కథలో భార్య ద్రోహం గురించి విమర్శకులు చాలా రాశారు. ఈ మూసిన తలుపు గురించి రాయవలసినంత రాయలేదు. రహస్యం అప్పటికే బయటపడిపోయింది. అయినా ఆ మనిషికి కాసేపు ఎవరూ చూడని చోటు కావాలని ఒకడు గ్రహించాడు. కథలో ఆ వివేకికి పేరు కూడా లేదు.

ఇరవయ్యో శతాబ్దపు తోడేలుమనిషిని తీర్చినవాడూ వలసవాడే. 1902లో డ్రెస్డెన్‌లో పుట్టిన యూదు రచయిత కర్ట్ సియొడ్‌మాక్, నాజీల రాకతో జర్మనీ విడిచి, ఇంగ్లండు మీదుగా 1937లో అమెరికా చేరాడు. అతను రాసిన ‘ద వుల్ఫ్ మ్యాన్’ 1941 డిసెంబరులో విడుదలైంది. వెండి ఆయుధమే చంపగలదన్న నమ్మకం, బలికాబోయేవారి అరచేతిలో కనిపించే నక్షత్రం ఈ చిత్రం ద్వారానే జనంలో పాతుకున్నాయి. పౌర్ణమితో ముడి మాత్రం 1943 నాటి కొనసాగింపు చిత్రంలో గట్టిపడింది. అరచేతి నక్షత్రాన్ని యూదుల బట్టల మీద కుట్టించిన నక్షత్రంతో పోల్చినవారున్నారు. పోలిక బలమైనదే కానీ, దానికన్నా లోతైన సంగతి కథలోనే ఉంది. లారీ టాల్బట్ చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి వేల్స్‌లోని తండ్రి ఇంటికి తిరిగి వస్తాడు. కాటుకు గురయ్యేది ఆ తరువాతే. జరిగింది తండ్రికి చెబుతాడు. తండ్రి చదువుకున్నవాడు, దయగలవాడు. అదంతా మనసు కల్పించుకున్నదని నచ్చజెబుతాడు. చివరికి వెండిపిడి చేతికర్రతో తోడేలును కొట్టి చంపేదీ ఆయనే. కొడుకని తెలిసేసరికి అంతా అయిపోతుంది.

జాన్ లాండిస్ 1981లో తీసిన ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ రిక్ బేకర్ రూపశిల్పానికి పేరుపొందింది. మేకప్‌కు ఆస్కార్ వార్షిక పురస్కారం మొదలైందే ఆ చిత్రంతో. ఎముకలు సాగే ఆ దృశ్యాన్ని చూసినవారెవరూ మరచిపోలేరు. కానీ దూరదేశంలో ఉన్న ప్రేక్షకుడికి గుచ్చుకునే దృశ్యం వేరు. ఇంగ్లండు పర్యటనకు వచ్చిన అమెరికన్ కుర్రవాడు డేవిడ్ కెస్లర్, స్నేహితుణ్ణి పోగొట్టుకుని, తాను కాటు తిని బతికి, ఒక రాత్రి కొందరిని చంపానని తెలుసుకున్నాక, టెలిఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తాడు. అమ్మానాన్నలు ఇంట్లో లేరు. చెల్లెలు ఎత్తుతుంది. అతను కబుర్లు చెబుతాడు, హాస్యమాడతాడు, అమ్మానాన్నలంటే తనకు ప్రేమని చెప్పమంటాడు. అసలు సంగతి మాత్రం చెప్పడు. ఫోన్ పెట్టేశాక చేతిమణికట్టు కోసుకోబోయి, చేతకాక ఆగిపోతాడు.

ఈ దృశ్యంలో రాక్షసత్వం ఏమీ లేదు. పరాయిదేశంలో మొదటి ఏడాది గడిపిన వాళ్ళలో ఇలాంటి ఫోన్ ఒకటైనా చేయనివారు తక్కువ. ఉద్యోగం పోయిన వారంలో, పరీక్ష తప్పిన రోజున, నిద్రపట్టని మూడో నెలలో, ‘అంతా బాగానే ఉంది, తిన్నాను, మీరెలా ఉన్నారు’ అని చేసే ఫోను. డేవిడ్ ఆ మృగాన్ని ఇంటి నుంచి తెచ్చుకోలేదు. దాన్ని పరాయి నేల ఇచ్చింది. అతను దాచుకుంటున్నది కొత్తదేశం నుంచి కాదు. నర్సు అలెక్స్‌కు అంతా చెప్పాడు, పోలీసుకూ తానే హంతకుణ్ణని చెప్పుకున్నాడు. వాళ్ళు నమ్మలేదు, అంతే. దాచింది ఇంటివాళ్ళ దగ్గరే. వలసకథగా దీన్ని చదివేవారు సాధారణంగా ఈ దిశను తారుమారు చేస్తారు. అన్నట్టు, జంతుప్రదర్శనశాలలో తోడేళ్ళ బోనులో నగ్నంగా మేలుకొన్న డేవిడ్ ఒక పిల్లవాడి బెలూన్లు, ఒక స్త్రీ కోటు దొంగిలించి ఒళ్ళు కప్పుకుంటాడు. బిస్‌క్లావ్రె బట్టల సమస్య ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా తీరలేదు.

ఆస్ట్రేలియా తన సొంత తోడేలుమనిషిని 1987లో తయారుచేసుకుంది. ఫిలిప్ మోరా తీసిన ‘హౌలింగ్ 3: ద మార్సూపియల్స్’ కళాఖండమని ఎవరూ అనరు, చాలాచోట్ల నాసిరకం వేషాలు, అతుకుల కథ. అయినా అందులోని ఆలోచన ఒకటి విలువైనది. అక్కడ తోడేలు లేదు కనుక దర్శకుడు ‘టాస్మేనియా తోడేలు’ అని పిలిచే థైలసీన్‌ను ఎంచుకున్నాడు. ప్రభుత్వమే తలకు వెల కట్టి వేటాడించిన ఆ చారలజంతువులలో, పట్టుబడి ఉన్న చివరిది 1936 సెప్టెంబరు 7న హోబార్ట్ జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. నాయిక జెర్బోవా ఆ జాతి మనిషి. సవతితండ్రి బారి నుంచి తప్పించుకుని తన పల్లె నుంచి సిడ్నీకి పారిపోయి వస్తుంది. తెర మీద తోడేలుమార్పు చూసి, నిజానికి అలా జరగదని స్నేహితుడికి చెబుతుంది. నీకెలా తెలుసని అడిగితే దాచదు. అతనికి చెప్పడం వల్ల ఆమెకు ఏ చెరుపూ జరగదు. విందులో మిణుకుమిణుకుమనే దీపాలకు రూపం మారడం మొదలై, పరుగెత్తి, కారు గుద్ది ఆస్పత్రి పాలవుతుంది. నడుము మీది చారల బొచ్చు, పొట్ట మీది సంచి వైద్యుల కంటపడతాయి. తానుగా చెప్పుకున్నప్పుడు ఆమె మనిషి. ఆస్పత్రి మంచం మీద ఆమె ఒక నమూనా.

వైద్యులు ఈ కథల జోలికి వచ్చినప్పుడల్లా ఇదే పొరపాటు జరుగుతోంది. 1964లో ఇల్లిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, తోడేలుమనుషుల కథలకు మూలం పోర్ఫీరియా రోగులై ఉంటారని ప్రతిపాదించాడు. ఎండకు చర్మం చితికి, పళ్ళు ఎర్రబారే ఆ పుట్టువ్యాధి అతి అరుదు. ఊరూరా ఉన్న కథలకు అది చాలదు. ఆ రోగుల నెత్తిన మృగత్వపు ముద్ర వేయడం తప్ప ఈ సిద్ధాంతం వల్ల ఒరిగింది లేదు. నిజంగా తోడేలుముఖం మోసిన మనిషి ఒకరున్నారు. టెనెరీఫ్ ద్వీపంలో పుట్టిన పెత్రుస్ గొన్సాల్వుస్‌కు ముఖమంతా దట్టమైన వెంట్రుకలు. 1547లో, పదేళ్ళ ప్రాయంలో, అతణ్ణి ఫ్రాన్సు రాజు రెండో హెన్రీకి కానుకగా పంపారు. అక్కడ లాటిన్ నేర్చాడు, కొలువు సంపాదించాడు, పెళ్ళిచేసుకున్నాడు. ఆంబ్రాస్ కోటలోని చిత్రంలో అతని ఒంటి మీద దర్బారు దుస్తులున్నాయి. చిత్రకారుడు వెనుక మాత్రం గుహను గీశాడు. బట్టలు అతనివే, గుహ ఎదుటివాళ్ళది.

భారతీయ సంప్రదాయంలో రూపం మారడం సాధారణంగా సిగ్గుపడవలసిన విషయం కాదు. కామరూపం ఒక శక్తి. దసరాకు, పీర్ల పండక్కు పులివేషం కట్టినవాడు నడివీధిలోనే ఆడతాడు. అందుకే కాబోలు, 2022లో ‘భేడియా’ తెలుగులో ‘తోడేలు’గా వచ్చినప్పుడు, అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరోకు వెళ్ళి కాటు తిన్న ఢిల్లీ కుర్రవాడి అవస్థ చాలావరకు హాస్యంగానే నడిచింది.

అయినా ఈ సంప్రదాయంలోనూ జాగ్రత్తగా, తనను తాను దాచుకుంటూ మెలిగిన కామరూపులున్నారు. లంకలో హనుమంతుడి బెంగ రూపం గురించి తక్కువ, భాష గురించి ఎక్కువ. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే సీత తనను రావణుడనుకుని బెదురుతుందేమోనని సుందరకాండలో చాలాసేపు తర్కించుకుని, మామూలు మనుషుల మాటను ఎంచుకుంటాడు. ఏ యాసలో మాట్లాడితే ఎదుటివారికి అనుమానం రాదో లెక్కవేసుకోవడం వలసవారికి కొత్త కాదు. ఆంజనేయుడిని ఆ కోణంలో తలచుకునేవారే తక్కువ.

రెండోది కిందముడి కథ. ఆదిపర్వంలో పాండురాజు బాణానికి పడిపోయిన లేడి మనిషి గొంతుతో మాట్లాడుతుంది. తాను మునినని, మనుషుల మధ్య సిగ్గుపడి భార్యతో మృగరూపంలో కలిశానని చెబుతుంది. నీకు తెలియదు కనుక బ్రహ్మహత్యాపాపం నీకు అంటదంటూనే శపిస్తుంది. పాండురాజు తాను క్షత్రియుడినని, మృగాలను వేటాడడం తన ధర్మమని వాదించి ఉంటాడు. ఆ వాదనలో తప్పు వెతకడం కష్టం. బిస్‌క్లావ్రెలోనూ రాజు వేటకే వచ్చాడు, అక్కడా మృగరూపంలో ఉన్నది మనిషే, అక్కడా సిగ్గే. కానీ అక్కడ మృగం ముందు రాజు పాదాన్ని చేరగలిగింది, ఆ తరువాత గది తలుపు మూసేవాడొకడు దొరికాడు. కిందముడికి ఆ వ్యవధి లేదు. అతను మనిషిగా పలికిన మొదటి మాట మరణవేదనలోనిదే.

రౌలింగ్ కథల్లోని లూపిన్‌కు ముగ్గురు స్నేహితులున్నారు. అతని సంగతి కనిపెట్టి, అతనికి తోడుండడానికి జంతురూపాలు పొందడం నేర్చుకున్నారు. విద్యాలయాల కథల్లో ఇది సాధ్యం. టూవూంబా లాంటి చోట అంత తేలిక కాదు. విదేశాల్లో చదివిన వైద్యులు సాధారణంగా పదేళ్ళపాటు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తేనే మెడికేర్ చెల్లింపులకు అర్హులన్న నిబంధన వల్ల, నగరాల్లోని తెలుగు సంఘాలకు దూరంగా ఇలాంటి ఊళ్ళకు చేరే యువకులు ఏటా ఉంటారు. 1890లో పిచ్చాసుపత్రిగా మొదలై తరువాత బెయిలీ హెండర్సన్ పేరు పొందిన వైద్యశాల ఈ ఊళ్ళోనే ఉంది. ఊరు తనను 2013లో శరణార్థులను ఆహ్వానించే ప్రాంతంగా ప్రకటించుకుంది. ఇరాక్, సిరియాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యజీదీ కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. సెప్టెంబరులో పూల పండుగకు వీధులు నిండుతాయి. కార్తీక పౌర్ణమి వచ్చేసరికి అక్కడ వసంతం ముగుస్తూ ఉంటుంది.

ఆ రాత్రి పదింటికి ఆ కుర్రవాడు ఇంటికి ఫోన్ చేస్తే, అక్కడ సాయంత్రం ఐదున్నర. తల్లి దీపాలకు వత్తులు సిద్ధం చేసుకుంటూ ఉంటుంది. అక్కడ చందమామ ఇంకా పూర్తిగా పైకి రాలేదు. తిన్నావా అని అడుగుతుంది.