వర్డ్సువర్తు పక్షాంతరము: వయోధర్మవిచారము

యౌవనమున విప్లవమును కోరనివానికి హృదయము లేదనియు, నడివయస్సు దాటిన పిదపను దానినే కోరువానికి బుద్ధి లేదనియు ఐరోపాఖండమున నొక లోకోక్తి కలదు. పలువురు మంత్రుల పేరిట నది చెల్లుచున్నది. తల నెఱసినట్లే మతమును మాఱుననుట దాని తాత్పర్యము. ఈ వాదము నంగీకరించినచో విమర్శకునకు పనియే లేదు. మనుష్యుడు పూర్వపక్షమును వీడుటకు కారణము వెదకనక్కఱలేదు. అతనిని ప్రశ్నింపనక్కఱయు లేదు. జన్మసంవత్సరమును లెక్కించిన చాలును.

ఆంగ్లకవులలో విలియం వర్డ్సువర్తున కీ లోకోక్తి మిక్కిలి యొప్పునట్లు తోచును. ఇరువదిమూడవయేట ఫ్రెంచిరాజు వధను సమర్థించి వ్రాసినవాడు డెబ్బదిమూడవయేట విక్టోరియా రాణి యాస్థానకవి యయ్యెను. మన పాఠశాలలలో నీ కవి ప్రకృతివర్ణనకు నిదర్శనముగానే యెక్కువగా బోధింపబడుచుండుటచే నీ మార్పు విద్యార్థుల దృష్టికి వచ్చుట యరుదు. ఈ మార్పు వయోధర్మమేనా? మాఱిన దేది, మాఱనిదేది? ఇందులకు కవిచరిత్రకంటె కావ్యముల పాఠభేదములే బలవత్తరమగు సాక్ష్యము.

ముందుగా చరిత్రను సంగ్రహింతము. వర్డ్సువర్తు 1770లో కంబర్లండు మండలమునందలి కాకర్మవుతున జన్మించెను. 1790లో నొకసారియు, 1791–92లలో మఱల నొకసారియు ఫ్రాన్సుదేశమునకు పోయి యచటి విప్లవమును కన్నులార చూచెను. ఆ రెండవ ప్రయాణమున మైకేల్ బోప్యుయి యను సేనాని మైత్రి యతనిని ప్రజాప్రభుత్వవాదిగా చేసెను. 1793లో లాండాఫు బిషప్పునకు ప్రత్యుత్తరముగా నొక లేఖ వ్రాసి, అందు రాజరికమును, వంశపరంపరాగతమగు ప్రభుత్వమును ఖండించెను. ఆ లేఖ యానాడు ముద్రింపబడలేదు. కవి మరణానంతరము 1876లో గాని వెలువడలేదు. 1798లో ఫ్రెంచిసేనలు స్విట్జర్లండు నాక్రమించెను. స్వాతంత్ర్యమును బోధించిన జాతియే పొరుగువారి స్వాతంత్ర్యమును హరించుటయు, 1804లో నెపోలియను చక్రవర్తి యగుటయు నతని విశ్వాసమును కూల్చినవి. 1809లో స్పెయినుప్రజల పక్షమున, నెపోలియనునకు ప్రతికూలముగా, సింట్రా యొడంబడికనుగూర్చి యొక గ్రంథము రచించెను. 1813లో వెస్టుమోర్లండు మండలమున స్టాంపుల పంపకపు టుద్యోగమును స్వీకరించెను. 1818 నాటి యెన్నికలలో భూస్వాములగు లౌథరు వంశీయుల పక్షమున కరపత్రములు వ్రాసెను. 1829లో కాథలిక్కులకు రాజకీయాధికారములొసగుటను, 1832లో వోటుహక్కును విస్తరింపజేసిన సంస్కరణశాసనమును నిరసించెను.

ఇట్టివానిని స్వపక్షద్రోహి యని సమకాలికులు దూషించుట వింతగాదు. షెల్లీ 1816లో ప్రకటించిన యొక పద్యమున నతనిని జీవించియుండగనే పోగొట్టుకొన్నవానివలె తలచి దుఃఖించెను. బ్రౌనింగు 1845లో స్వల్పలాభమునకై తన వారిని వీడిన నాయకునిగూర్చి యొక పద్యము రచించెను. అందు వర్డ్సువర్తును మనస్సునం దుంచుకొంటినని తరువాత నొప్పుకొనెను. ధనలోభమే కారణమను నీ వాదము కాలగణనకు నిలువదు. మనస్సు విఱిగినది 1798 మొదలు. ఉద్యోగము లభించినది 1813లో. పదునైదేండ్ల వెనుక వచ్చిన ఫలము ముందటి కార్యమునకు కారణము కానేరదు. ఐనను లాభప్రసక్తియే లేదనుటయు పక్షపాతమే. కవితండ్రి లౌథరు ప్రభువునకు న్యాయవాదిగా నుండి, తనకు రావలసిన సొమ్ము రాకయే మరణించెను. 1802లో నా ప్రభువు గతింపగా నతని వారసుడు ఋణమును వడ్డితోగూడ తీర్చెను. ఉద్యోగము లభించినదియు నీ వారసుని సాహాయ్యముననే. మతభేదము ముందే కలిగినది. కృతజ్ఞత దానికి కాపలా కాచినది.

ఇక వయోధర్మవాదము. అది నిజమైనచో నందఱియందును నొకేదిక్కున పనిచేయవలెను. కాని విక్టరు హ్యూగో చరిత్ర దీనికి విపరీతముగా నున్నది. 1802లో జన్మించిన యీ ఫ్రెంచికవి యౌవనమున రాజభక్తుడు, పదునెనిమిదవ లూయీరాజువలన నుపకారవేతనము పొందినవాడు, 1845లో ప్రభువర్గసభాసభ్యుడు. 1848లో లూయీ నెపోలియను నెన్నికను సమర్థించినవాడే, ఆతడు 1851లో ప్రజాప్రభుత్వమును బలాత్కారముగా కూలద్రోయగా నెదిరించి, 1870 వఱకు ప్రవాసముననుండెను. ‘లే మిజరాబ్లు’ కథను 1862లో, ఆఱువదవయేట, ప్రకటించెను. డెబ్బదినాలుగేండ్ల వయస్సున శాసనసభలో పారిసు కమ్యూనువారికి క్షమాభిక్ష వేడెను. ఆంగ్లమంత్రి గ్లాడ్‌స్టను నడకయు నిట్టిదే. 1832లో టోరీపక్షమున పార్లమెంటున ప్రవేశించి, మఱుసటియేట బానిసల యజమానుల పక్షమున మాటలాడినవాడు, 1886లో డెబ్బదియాఱేండ్ల వృద్ధుడై యైర్లండునకు స్వపరిపాలన నొసగుటకు శాసనము ప్రతిపాదించెను.

ఇంకొక విశేషము కలదు. వర్డ్సువర్తు విప్లవపక్షమును వీడుటకును, హ్యూగో దానిని చేరుటకును బోనపార్టు వంశమే నిమిత్తమయ్యెను. పెదతండ్రి చక్రవర్తిత్వము నొకనిని కుడివైపునకు నెట్టగా, తమ్మునికొడుకు చక్రవర్తిత్వము వేఱొకనిని నెడమవైపునకు నెట్టినది. వయస్సు మార్పునకు కావలసిన కాలమును మాత్ర మిచ్చును. దిక్కును చూపునది యనుభవము. ఆధునిక సాంఘికశాస్త్రజ్ఞుల పరిశోధనయు నీ మతమునే బలపఱచుచున్నది. అమెరికాలో బెన్నింగ్టను స్త్రీకళాశాలయందు సంపన్నగృహముల బాలికలు పలువురు 1930 ప్రాంతపు దశాబ్దమున తల్లిదండ్రుల పక్షమును వీడి యుదారపక్షమున చేరుటను థియొడోరు న్యూకంబు పరిశీలించెను. 1960–61లలో మఱల విచారింపగా వారిలో పెక్కుర నడివయస్సున నా పక్షముననే యుండిరి. వయస్సు మీఱుటచే పక్షము తప్పక మాఱునను నియమము లేదనుట కింతకంటె నిదర్శన మేమి?

ఇపుడు కావ్యములను చూతము. వర్డ్సువర్తు తన మనఃపరిణామమును వర్ణించిన ‘ప్రెల్యూడు’ కావ్యమును 1805లో ముగించి, ప్రకటింపక, ముప్పదియేండ్లకు పైగా సవరించుచు నుండెను. అది 1850లో నతడు మరణించిన కొలదినెలలకు వెలువడినది. 1805 నాటి పాఠమును డిసెలిన్‌కోర్టు పండితుడు 1926లో ముద్రించుటతో రెంటిని పోల్చిచూచు నవకాశము కలిగినది. విప్లవమును తీవ్రముగా ఖండించిన ఎడ్మండు బర్కుయొక్క ప్రశంస 1805 ప్రతిలో లేదు; 1850 ప్రతిలో కలదు. ఇది వృద్ధుడు యువకుని కావ్యమున చొప్పించినది.

కాని యతడు తుడిచివేయని భాగములు చొప్పించినవానికంటె ముఖ్యములు. ఆకలిచే కృశించి, ఆవును త్రాటితో పట్టుకొని త్రోవవెంట పోవుచున్న ఫ్రెంచిబాలికను చూపి, తమ పోరాట మిట్టి దురవస్థపైననే యని బోప్యుయి పలికిన ఘట్టము రెండు ప్రతులలోను నిలిచినది. స్వదేశసేనల జయమునకై దేవాలయమున నందఱు ప్రార్థించుచుండ తానొక్కడు మౌనముగా కూర్చుంటినని చెప్పుకొన్న భాగమును నిలిచినది. రాజాస్థానకవికి నిది మర్యాద తెచ్చునది కాదు, ఐనను దాచలేదు. అతని మిత్రుడు రాబర్టు సౌథీ గతి వేఱు. సౌథీ యువకుడుగా 1794లో రచించిన ‘వాట్ టైలరు’ నాటకమును, అతడు ఆస్థానకవియైన పిమ్మట 1817లో, ప్రతికక్షులు వ్రాతప్రతి సంపాదించి ప్రకటించిరి. దానిని నిలుపుటకై సౌథీ న్యాయస్థానమున కెక్కెను. రాజద్రోహకరమగు గ్రంథమునకు శాసనరక్షణ లేదని ఎల్డను ప్రభువు త్రోసిపుచ్చెను. ఒకడు తన యౌవనమును న్యాయస్థానమున నిరోధింప జూచెను. ఇంకొకడు దానిపై వ్యాఖ్యానము వ్రాసికొనెను.

అన్నిచోట్లను వర్డ్సువర్తు నింతగా మెచ్చలేము. 1790 తరువాతి యేండ్లలో సాలిస్బరీ మైదానమునుగూర్చి యతడొక కథాకావ్యము రచించెను. బలాత్కారముగా యుద్ధనౌక కెక్కింపబడి, జీతము దక్కక, దారిద్ర్యవశమున హత్య చేసిన నావికుడు అందు నాయకుడు. 1795 నాటి పాఠమున వానిని వధించి, శవమును ఇనుపచట్రమున వ్రేలాడదీయగా, దాని క్రిందనే జనులు అంగడులు వేసి వినోదింతురు. శిక్షించు సంఘమే హంతకునికంటె క్రూరమని పాఠకుని కెవరును చెప్పనక్కఱలేదు. ఇదే కావ్యమును ‘గిల్టు అండ్ సారో’ యను పేర 1842లో ప్రకటించునపుడు ముగింపును మార్చెను. నావికుడు తానై తప్పొప్పుకొని శిక్షను కోరును. జనులు జాలిపడి శవమును వ్రేలాడదీయకుందురు. మరణశిక్షను సమర్థించు పద్యములును నదే సంపుటమున చేరినవి. ఇచట మాఱినది పక్షము మాత్రము కాదు, కావ్యపు గుండె. మొదటి పాఠమున నేరస్థుని ప్రశ్నించునది న్యాయస్థానము, న్యాయస్థానమును ప్రశ్నించునది కావ్యము. రెండవ పాఠమున నా రెండవ ప్రశ్న లేదు. ఈ నష్టమును నిష్పక్షపాతముగా నొప్పుకొనవలెను.

ఆర్థికవిషయములలో మాత్ర మతని మతము విశేషముగా మాఱలేదు. 1800 నాటి ‘ముదుసలి కంబర్లండు బిచ్చగాడు’ అను పద్యమున బీదలను చెఱసాలవంటి పనియిండ్లలో నిర్బంధింపవలదని వేడెను. 1801 జనవరిలో చార్లెసు జేమ్సు ఫాక్సునకు తన కావ్యమును పంపుచు వ్రాసిన లేఖలో, యంత్రశాలలును, అధికమగు పన్నులును, పనియిండ్లును బీదల కుటుంబప్రేమను చెఱచుచున్నవనియు, స్వల్పమగు సొంతభూమిని దున్నుకొను రైతుల తెగ నశించుచున్నదనియు వాపోయెను. ‘మైకేలు’ కావ్యమందలి ముదుసలి గొల్లవాని భూమి పరహస్తగతమగుట యీ సిద్ధాంతమునకే కథారూపము. 1814లో ‘ఎక్స్కర్షను’ కావ్యమును లౌథరు ప్రభువునకే యంకితమిచ్చెను. ఐనను దాని యెనిమిదవ సర్గమున రేయింబవళ్లు నడచు మిల్లులలో బాలురు పనిచేయుటను తీవ్రముగా నిందించెను. 1834 నాటి క్రొత్త బీదలశాసనము పనియిండ్లనే ముఖ్యసాధనముగా చేయగా, మఱుసటియేట తన పద్యసంపుటమున కనుబంధము వ్రాసి, పని దొరకనివానికి సంఘమువలన పోషణము పొందు హక్కు కలదని వాదించెను. 1800 మొదలు 1835 వఱకు నీ విషయమున నొకే కంఠము. తనలో చార్టిస్టుల యంశము చాల కలదని వార్ధకమున మిత్రులతో పలుకుటయు నిందులకే.

ఆలంకారికులు రసమునకు చెప్పిన విభాగము నుపమానముగా గ్రహింతము. స్వల్పభూమిగల రైతుపైని, దిక్కులేని బీదపైని యభిమానము ఈ కవికి స్థాయి. ప్రజాప్రభుత్వభక్తి, టోరీభక్తి సంచారులు. తన బీదలను కాపాడువారెవరను ప్రశ్నకు యౌవనమున ఫ్రాన్సు ప్రత్యుత్తరముగా తోచెను. వార్ధకమున నాలయమును, ప్రాతభూస్వామ్యమును తోచెను. ప్రశ్న యొకటే. కాని యుత్తరము తప్పు కాకపోదు. తాను నమ్మిన భూస్వాములు తాను ప్రేమించిన చిన్నరైతును కాపాడలేదు. ఆ రైతు తన మాట తాను చెప్పుకొనుటకు వోటుహక్కే మార్గమైయుండగా దానినే కవి నిరసించెను. స్థాయి చెడకున్నను సంచారి దారి తప్పవచ్చుననుట కితడే యుదాహరణము.

కావున యౌవనమునే మెచ్చి వార్ధకమును త్రోసివేయుటయు, వార్ధకపు వివేకమని యౌవనమును క్షమించుటయు రెండును విమర్శ కావు. వర్డ్సువర్తును బోధించువారు పద్యము ప్రక్కన రచించిన సంవత్సరమును, సవరించిన సంవత్సరమును వ్రాసిపెట్టుట మేలు. ఆ రెండంకెల నడుమ నేమి చేరినది, ఏమి తొలగినది, ఏది నిలిచినది యని విద్యార్థి ప్రశ్నించుట నేర్చినచో, తలవెండ్రుకల రంగును చూచి మతమును నిర్ణయించు లోకోక్తితో వానికి పని యుండదు.