ప్రచారానికి సర్కారు సాయం: అర్హత ఎవరిది?

ఎన్నికల ఖర్చు ప్రభుత్వమే భరిస్తే పేదవాడు కూడా పోటీలో నిలబడగలడన్న మాట చాలాకాలంగా వింటున్నాం. మాట మంచిదే. కానీ ఆ సాయం ఎవరికిస్తారన్న దగ్గరే అసలు రాజకీయం ఉంది. 1998 నాటి ఇంద్రజిత్ గుప్తా కమిటీ నివేదికను మేము ఈ ఒక్క ప్రశ్నతోనే చదువుతున్నాం.

ప్రభుత్వ సాయం న్యాయమేనని కమిటీ ఒప్పుకుంది. ముందుగా నగదు కాకుండా పెట్రోలు, కాగితం, మైకులు, ఓటర్ల జాబితాల రూపంలో ఇవ్వాలంది. అయితే గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీలకూ వాటి అభ్యర్థులకూ మాత్రమేనంది. స్వతంత్రులకు మొండిచెయ్యి. నివేదిక అమలు కాలేదు గానీ, ఈ షరతును ప్రశ్నించకుండా వదిలేస్తే రేపటి చట్టంలోనూ ఇదే వచ్చి కూర్చుంటుంది.

గుర్తింపు ఎట్లా వస్తుంది? నేటి నిబంధనల్లో ఒక దారి ఇది: అసెంబ్లీ ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో 6 శాతం, దాంతోపాటు 2 సీట్లు. అంటే గెలిచినవాడికి పెట్రోలు, గెలవాల్సినవాడికి కాలినడక! నిన్నటి ఓట్లే కొలబద్ద అయితే, నిన్న భూమీ డబ్బూ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళకే నేటి సాయం. రిజర్వుడు స్థానంలో పోటీచేసే దళితుడు సైతం టికెట్ కోసం అగ్రకుల నాయకుడి గడప తొక్కాల్సిందేనా?

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వేరే కొలత పెట్టింది. అక్కడి ఓటర్లు 1996లో తెచ్చుకున్న చట్టం కింద, రాష్ట్ర ప్రతినిధుల సభకు నిలబడేవారు తమ నియోజకవర్గంలోని 60 మంది ఓటర్లచేత తలా 5 డాలర్లైనా ప్రభుత్వ నిధికి ఇప్పించాలి. సెనేటుకైతే 175 మంది. పార్టీ ఉన్నా లేకున్నా అదే లెక్క. నిన్నటి ఓట్లు కాదు, ఇవాళ వెంట నిలిచిన మనుషులు లెక్కకొస్తారు.

అట్లాగని దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోమనడం లేదు. అక్కడ డబ్బిచ్చినవారు కాగితం మీద సంతకం చేయాలి. మన పల్లెల్లో ఓటు రహస్యం కాబట్టే కూలివాడు దొరకు వ్యతిరేకంగా వేయగలుగుతున్నాడు. సంతకం బయటపడితే మర్నాడు పని ఉండదు, అప్పు పుట్టదు.

అసెంబ్లీ డిపాజిట్ 10,000 రూపాయలైతే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. అసమానతను చట్టం అక్కడ గుర్తించింది. సాయం దగ్గర మాత్రం ఎందుకు మరిచిపోవాలి? అర్హతకు మనుషుల మద్దతే కొలత కావాలి. దానికి డబ్బు అడగకూడదు. మద్దతిచ్చినవాళ్ళ పేర్లు ఎన్నికల అధికారి దాటి బయటికి పోకూడదు. ఈ మూడూ లేని ఏ చట్టమైనా ఉన్నవాళ్ళకే మళ్ళీ పెట్టడం అవుతుంది.