పటాలం నుంచి పట్టపుపాళెం దాకా (ముందుమాట)

సైనికుల జ్ఞాపకాల పుస్తకాలు చాలామటుకు రిటైరైన రోజుతో ఆగిపోతాయి. ఈ హవల్దారు అక్కడ ఆగలేదు. సగం పుస్తకం పటాలం గురించి, సగం ఇంటికొచ్చాక గడిపిన బతుకు గురించి. కావలిలో నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పటికీ నన్ను ‘అయ్యోరూ’ అనే పిలుస్తాడు. అయినా ఇక్కడ ‘ఆయన’ అనే రాస్తాను. ఆ గౌరవం ఆయన కష్టార్జితం.

తుమ్మలపెంట తట్టు పట్టపుపాళెం నుంచి వెళ్లి మద్రాసు రెజిమెంటులో చేరారు. వెల్లింగ్టన్ శిక్షణలో అబ్బిన తమిళం 1987లో భారత శాంతి పరిరక్షక దళంతో శ్రీలంక వెళ్లినప్పుడు అక్కరకొచ్చింది. చెక్‌పోస్టు దగ్గర ముసలమ్మలు తిట్టే తిట్లన్నీ అర్థమయ్యేవట. తుపాకీ చేతిలో ఉన్నవాడికి ఆ తిట్లు అర్థం కావడం ఎంత నరకమో రాసిన పేజీలు చదివి నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. 1990 మార్చిలో దళం వెనక్కొచ్చేసరికి దాదాపు 1,200 మంది మనవాళ్లు అక్కడే పోయారు. వాళ్ల పేర్లు చెక్కించి కొలంబో దగ్గర శ్రీలంక ప్రభుత్వమే స్మారకం కట్టింది. మనమేమో 1971 యుద్ధం గురించి చెప్పుకున్నంతగా ఆ మూడేళ్ల గురించి చెప్పుకోం. ఇది నాకు బాధ.

1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటినప్పుడు ఆయన ట్రింకోమలీలో ఉన్నారు. అదే బంగాళాఖాతం, ఇంకో ఒడ్డు. రేడియోలో కావలి పేరు విన్నారు. 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాకి ఉత్తరం వచ్చేదాకా ఇంట్లో ఎవరు మిగిలారో తెలియదు. ఆ ఎదురుచూపు మధ్యలోనే గస్తీ, గస్తీ మధ్యలోనే సద్ది. ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం కూడా తీసెయ్యడానికి లేదు.

నలభై దాటీదాటగానే పింఛను తీసుకుని వచ్చారు. కొన్నాళ్లు బ్యాంకు గేటు దగ్గర కాపలా. ఆ తర్వాత ఎవరూ అప్పగించని పని ఒకటి నెత్తికెత్తుకున్నారు. చనిపోయిన జవాన్ల భార్యలకు కాగితాలు సరిచేసిపెట్టడం. డిశ్చార్జి బుక్కులో పోలమ్మ, ఆధార్‌లో పోలేరమ్మ. పెళ్లినీ పిల్లల పుట్టుకనూ రికార్డుల్లోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డరు ఎప్పుడూ పడనే లేదు. అఫిడవిట్టు రాయించి, పెళ్లి సాక్షులను వెతికి పట్టుకుని, వెల్లింగ్టన్ రికార్డ్సు ఆఫీసుకు రిజిస్టరు పోస్టు చేసి, జవాబు రాకపోతే మళ్లీ రాసి, ఆమె ఖాతాలో పింఛను పడేదాకా వదిలేవారు కాదు. ఒక్కరి దగ్గరా టీ డబ్బులు కూడా పుచ్చుకోలేదని పాళెంలో ఎవరినడిగినా చెబుతారు.

ఒక లోటు మాత్రం చెప్పక తప్పదు. ఇరవై నాలుగేళ్లు ఇల్లు మోసిన ఇల్లాలి గురించి రెండు పేజీలు చాలవు. మలి ముద్రణలో ఆవిడ చేతనే ఒక అధ్యాయం చెప్పించాలి.

పుస్తకం చివర, పింఛనుకు కావలసిన కాగితాల పట్టిక ఉంది. దాన్ని విడిగా కరపత్రంగా వేయిస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ, ప్రతి పంచాయతీ గోడమీదా ఉంచవచ్చు. అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటాను.