ఎవరి అనుభవం పక్షపాతం?

ఒక వాక్యాన్ని దాని పేరాలోంచి తెంపి బయట పెడితే ఏమవుతుందో సాహిత్యం చదువుకున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 జూలైలో సోనియా సోటోమయోర్‌ని అమెరికా సుప్రీంకోర్టుకి నియమించడంపై సెనేట్ కమిటీ నాలుగు రోజులు విచారణ జరిపింది. ఆ నాలుగు రోజులూ అలాంటి ఒక వాక్యం చుట్టూనే ఎక్కువగా తిరిగాయి. ఆ విచారణని ఒక పాఠ్యంగా చదివితే, పార్టీల తగువు వెనక మనకి బాగా తెలిసిన గొంతొకటి వినిపిస్తుంది.

ఆ వాక్యం ఆమె 2001లో బర్క్‌లీలో చేసిన ఉపన్యాసంలోది. ప్యూర్టోరికో నుంచి వచ్చిన తల్లిదండ్రులకి పుట్టి, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పెరిగిన స్త్రీ ఆమె. వివేకం గల లాటినా స్త్రీ, తన అనుభవ సంపద వల్ల, ఆ జీవితం గడపని తెల్ల పురుషుడికన్నా ఎక్కువసార్లు మెరుగైన నిర్ణయానికి వస్తుందని ఆశిస్తానంది. వివేకవంతులైన వృద్ధుడూ వృద్ధురాలూ ఒకే తీర్పుకి వస్తారన్న నానుడికి ఇది జవాబు. ఆ కోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ తరచూ ఆ నానుడిని చెప్పేది. హోమ్స్, కార్డోజో లాంటి వివేకవంతులు కూడా లింగ వివక్షనీ జాతి వివక్షనీ సమర్థించే తీర్పులవైపు నిలబడ్డారని సోటోమయోర్ గుర్తుచేసింది. బడుల్లో జాతి వేర్పాటుని కొట్టేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పు తొమ్మిదిమంది తెల్ల పురుషులు ఇచ్చిందేనని కూడా అదే ఉపన్యాసంలో ఒప్పుకుంది. తన వాదానికి ఎదురు వాదాన్ని తనే ముందు పెట్టుకున్న రచన అది.

రిపబ్లికన్లకి ఈ వెనకాముందూ అక్కర్లేకపోయింది. న్యూట్ గింగ్రిచ్ ఆమెని జాతివాది అన్నాడు. తర్వాత ఆ మాట వాడాల్సింది కాదని కాస్త తగ్గాడు. సెనేటర్ లిండ్సే గ్రాహమ్, పేర్లు చెప్పని లాయర్ల వ్యాఖ్యలు కొన్ని చదివి, మీ స్వభావంలో ఏమైనా సమస్య ఉందా అని అడిగాడు. చివరికి ఆమెకి ఓటేసిన తొమ్మిదిమంది రిపబ్లికన్లలో అతనూ ఒకడు.

మూడేళ్ళ ముందు, 2006 జనవరిలో, అదే కమిటీ ముందు శామ్యూల్ అలిటో కూర్చున్నాడు. వివక్ష కేసు వస్తే, జాతి మూలాల వల్లో మతం వల్లో వివక్షకి గురైన తన కుటుంబంలోని వాళ్ళని తలుచుకుంటానన్నాడు. మంచి మాటే. సెనేట్‌లో ఒక్కరు తప్ప రిపబ్లికన్లందరూ అతనికి ఓటేశారు. సోటోమయోర్ వాక్యంలో ‘మెరుగైన’ అన్న పోలిక ఉంది కదా అనొచ్చు. ఉంది. అయితే అందరి చూపూ ఒకటేనన్న ధీమాకి జవాబు చెప్పేటప్పుడు పోలిక రాకుండా ఎలా ఉంటుంది? మగవాడి జ్ఞాపకం సహానుభూతి అయిన చోట ఆమె జ్ఞాపకం పక్షపాతం ఎందుకైంది?

అనుభవం చేసే పనేమిటో అదే ఏడాది అదే కోర్టులో కనపడింది. నొప్పి మాత్రలు దాచిందన్న అనుమానంతో అరిజోనాలో ఒక పదమూడేళ్ళ పిల్లని బడిలో లోదుస్తులదాకా సోదా చేసిన కేసు అది. ఏప్రిల్‌లో వాదనలు జరిగినప్పుడు, ఆటలకి బట్టలు మార్చుకోవడంతో దాన్ని పోల్చిన న్యాయమూర్తి ఉన్నాడు. నవ్వులూ వినపడ్డాయి. అప్పటికి ఆ కోర్టులో ఏకైక స్త్రీ అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, తన సహచరులెవరూ ఎన్నడూ పదమూడేళ్ళ ఆడపిల్లలుగా లేరని ఒక పత్రికతో అంది. ఆ సోదా రాజ్యాంగ విరుద్ధమని జూన్‌లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. ఆ పిల్లకి జరిగిన అవమానం ఎంతటిదో కొలవాల్సి వచ్చినప్పుడు, ఆ వయసు ఆడపిల్లగా బతికి ఉండటం ఒక జ్ఞానమే.

విచారణలో సోటోమయోర్ తన వాక్యాన్ని బెడిసికొట్టిన అలంకారిక ప్రయోగమంది. ఆమెని తప్పుపట్టలేను. ఓట్ల లెక్క తెలిసిన మనిషి. 68-31తో నెగ్గింది. ఆమె లోపలికి వెళ్ళింది గానీ ఆ వాక్యం గుమ్మం బయటే ఉండిపోయింది.

ప్రతిపక్షం వ్యతిరేకించడమే నేరమని నేననను. ఒబామా కూడా సెనేటర్‌గా అలిటోకి వ్యతిరేకంగా ఓటేశాడు. 2020లో ఏమీ కోనీ బారెట్‌ని డెమొక్రాట్లందరూ వ్యతిరేకించారు. అబార్షన్‌కి ఉన్న రాజ్యాంగ రక్షణని తీసేసిన 2022 తీర్పులో ఆమె భాగమైంది కనక ఆ భయం ఉత్తది కాదు. కానీ అంతకుముందు 2017లో, కింది కోర్టు నియామకం అప్పుడు, డెమొక్రాట్ సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ మతసిద్ధాంతం ఆమెలో గట్టిగా పలుకుతోందని అంది. అక్కడా వాడింది ఆ కత్తెరే. మనకి నచ్చని స్త్రీ మీద వాడినప్పుడు కూడా దాన్ని కత్తెరే అనాలి. ఒక స్త్రీ తీర్పుల్ని ప్రశ్నించడం వేరు, ఆమె నిలబడి చూసే చోటునే నేరం చెయ్యడం వేరు.

ఈ గొంతు మనకి తెలిసిందే అన్నాను. తెలుగులో స్త్రీవాద కవిత్వం వచ్చిన కొత్తలో ‘ఇది మీ సొంత గోడు, సార్వజనీనం కాదు’ అన్నారు. దళిత స్త్రీలు రాస్తే, స్త్రీల సమస్యల్ని చీలుస్తున్నారని అన్నవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. సార్వజనీనం అన్న పేరుతో చలామణీ అయ్యేది ఎవరి అనుభవమో అడిగినందుకే ఆ కోపం. సోటోమయోర్ అడిగిందీ అదే. అందుకే ఆ ఉపన్యాసాన్ని ఆ ఒక్క వాక్యంతో ఆపకుండా మన తరగతి గదుల్లో మొదటినుంచి చివరిదాకా చదవాలంటాను. ఆమె వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన మాటని మనం వెనక్కి తీసుకోనక్కర్లేదు.