స్ట్రింగ్ అంటే మూట కాదు

రెడిస్ అనే డేటాబేస్ వచ్చని చెప్పేవాళ్లలో చాలామందికి వచ్చినవి రెండే కమాండ్లు: సెట్, గెట్. ఒక కీ కింద ఏదో పెట్టడం, కావాలన్నప్పుడు తీసుకోవడం. రైల్వే స్టేషన్‌లో సామాన్ల గదికి మూట అప్పగించి చీటీ తెచ్చుకున్నట్టు. మూటలో ఏముందో గదివాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఎన్నో కీ-వాల్యూ డేటాబేసులు నిజంగానే అలాంటి సామాన్ల గదులు; అందులో తప్పేమీ లేదు. రెడిస్‌లో కీ కింద పెట్టే ఆ విలువను స్ట్రింగ్ అంటారు, దాని సంగతి వేరు. అక్కడ విలువ ఎక్కడుందో అక్కడే, సర్వర్ మెమరీలోనే, దాన్ని పెంచొచ్చు, తగ్గించొచ్చు, చివర అతికించొచ్చు, మధ్యలో ముక్క మార్చొచ్చు, ఒక్క బిట్టును మాత్రమే తిప్పొచ్చు. పనిని విలువ దగ్గరికి పంపాలి, విలువను పని దగ్గరికి ఈడ్చుకురాకూడదు. ఈ విద్య మొత్తం ఆ ఒక్క పట్టు మీదే నిలబడింది. ఆ పట్టు తెలియకపోతే ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా సామాన్ల గదికి అద్దె కట్టినట్టే.

చరిత్ర పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. సిసిలీకి చెందిన సాల్వతోరే సాన్‌ఫిలిప్పో, ఈ లోకంలో అందరూ పిలిచే పేరు ఆంటిరెజ్, తన వెబ్‌సైట్ లెక్కల సేవకు మామూలు డేటాబేస్ వేగం చాలక సొంతంగా ఒకటి రాసుకుని 2009లో బయటపెట్టాడు. అంతే. ఆగి చూడాల్సింది ఆయన స్ట్రింగును చెక్కిన తీరు. సి భాషలో స్ట్రింగ్ పొడవు తెలియాలంటే చివరి సున్నా బైటు తగిలేదాకా మొదటినుంచీ నడవాలి; మధ్యలో సున్నా వస్తే కథ అక్కడికే కంచికి. ఆంటిరెజ్ తన స్ట్రింగుకి ముందు ఒక చిన్న హెడర్ పెట్టి పొడవును అందులో రాసి ఉంచాడు. దాంతో పొడవు అడగ్గానే తెలుస్తుంది, లోపల ఫొటో ఉన్నా పాట ఉన్నా అభ్యంతరం లేదు. స్ట్రింగ్ పెరిగినప్పుడు కావలసినదానికి రెట్టింపు చోటు ముందే తీసుకుంటుంది, ఒక మెగాబైటు దాటాక మెగాబైటు చొప్పున. చిన్న స్ట్రింగుల విషయంలో పొదుపు ఇంకా ముచ్చటైనది. విలువను మోసే ఆబ్జెక్టుకి 16 బైట్లు, హెడర్‌కి 3, చివరి సున్నాకి 1. ఈ 20 పోగా 64 బైట్ల గడిలో 44 మిగులుతాయి. అందుకే 44 బైట్లలోపు స్ట్రింగ్ ఆబ్జెక్టుతో కలిసి ఒకే గడిలో, ఒకే కేటాయింపుతో ఇమిడిపోతుంది. విలువ పూర్ణాంకమైతే విడిగా స్ట్రింగే ఉండదు, పాయింటర్ ఉండాల్సిన చోట అంకెనే దాచేస్తారు. (తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. యూటీఎఫ్-8లో మన ప్రతి గుర్తుకూ 3 బైట్లు. ‘తెలుగు’ అనే మాటలో కంటికి కనిపించే అక్షరాలు మూడే అయినా గుణింతాల గుర్తులతో కలిపి ఆరు, అంటే 18 బైట్లు. ఎస్‌టీఆర్‌లెన్ అడిగితే 18 అనే చెబుతుంది. గెట్‌రేంజ్‌తో మొదటి నాలుగు బైట్లు కోస్తే ‘త’ దక్కుతుంది, ఎత్వం తల తెగుతుంది. సర్వర్ బైట్లు లెక్కపెడుతుంది, అక్షరాలు లెక్కపెట్టడం మన పని.)

ఇక పనితనానికి రండి. ఆరు వందల సీట్ల సినిమా హాలు, కొత్త సినిమా మొదటి రోజు మొదటి ఆట. మూటకట్టే పద్ధతిలో సీట్ల జాబితా అంతా జేసన్‌గా ఒక కీలో ఉంటుంది. ఒక ప్రోగ్రామ్ గెట్ చేసి, విప్పి, 214వ సీటు ఖాళీ అని చూసి, గుర్తుపెట్టి, మళ్లీ మూటకట్టి సెట్ చేస్తుంది. ఆ మధ్యలోనే ఇంకో ప్రోగ్రామ్ పాత మూటను గెట్ చేసి ఉంటుంది. దానికీ 214 ఖాళీయే. ఇద్దరికీ ఒకే టికెట్, గేటు దగ్గర తగాదా. ఇంకో అన్యాయం కూడా ఉంది: రెండోవాడు కొన్నది 300వ సీటైనా, ఆఖరున సెట్ చేసినవాడి మూట ముందువాడి మార్పును తుడిచేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు ఇదే పనిని 600 బిట్లతో, అంటే 75 బైట్లతో చేస్తారు. 214వ బిట్టును 1 చేయమని సెట్‌బిట్ పంపుతారు. ఆ కమాండు బిట్టును మార్చి ఊరుకోదు, అంతకుముందు అక్కడ ఏముందో తిరిగి చెబుతుంది. జవాబు 0 అయితే సీటు మీది. 1 అయితే ఎవరో ముందే కొన్నారు. రెడిస్ కమాండ్లను ఒకదాని తర్వాత ఒకటిగానే నడుపుతుంది కాబట్టి ఇద్దరికి 0 రావడం అసాధ్యం. చూడటం, పట్టుకోవడం ఒకే కదలికలో అయిపోయాయి. అంకెను ఒకటి పెంచే ఇంకర్ కమాండు గొప్పతనమూ ఇదే. వెయ్యిమంది ఒకేసారి అడిగినా వెయ్యి వేర్వేరు అంకెలు ఇస్తుంది, ఒక్కటీ తప్పిపోదు.

ఈ పట్టు ఎలా ఎదిగిందో చూస్తే సెభాష్ అనకుండా ఉండలేం. 2011లో స్పూల్ అనే సంస్థ 12.8 కోట్ల మంది వాడుకరుల రోజువారీ రాకను ఒక్కొక్కరికి ఒక్కో బిట్టుగా రాసి, మొత్తం లెక్కను మ్యాక్‌బుక్ మీద 50 మిల్లీసెకన్ల లోపు తేల్చింది. రోజుకి 16 మెగాబైట్లు! ఆ రోజుల్లో అందరూ నోరెళ్లబెట్టారు. అయినా అందులో ఒక లోటు ఉంది: ఆ 16 మెగాబైట్లనూ గెట్‌తో జావా ప్రోగ్రాములోకి లాక్కొని అక్కడ లెక్కపెట్టారు. 2012లో రెడిస్ 2.6తో బిట్‌కౌంట్ వచ్చాక ఆ మోత కూడా తప్పింది. సర్వరే లెక్కపెట్టి ఒక్క అంకె పంపుతుంది. 2014లో రెడిస్‌లోకి హైపర్‌లాగ్‌లాగ్ వచ్చింది. కోట్ల మందిలో వేర్వేరు మనుషులు ఎంతమందో 12 కిలోబైట్లలో, 0.81 శాతం ప్రామాణిక దోషంతో చెప్పే ఈ అద్భుతం లోపల ఏముంది? ఒక స్ట్రింగ్. ఆరేసి బిట్ల గడులు 16,384 పక్కపక్కనే పేర్చిన మామూలు స్ట్రింగ్. ఆ పద్ధతికి మూలపురుషుడైన ఫ్రెంచి గణితజ్ఞుడు ఫిలిప్ ఫ్లాజోలే పేరులోని పి, ఎఫ్ అక్షరాలనే ఆ కమాండ్ల ముందు పెట్టారు. ఇంత సంస్కారం ఎన్ని సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తుంది? ఒక పనిని ఒకేసారి ఒక్కరే చేసేలా తాళం వేసే పనిలోనూ ఇదే ఎదుగుదల. మొదట్లో సెట్‌ఎన్‌ఎక్స్‌తో తాళం వేసి, ఎక్స్‌పైర్‌తో గడువు విడిగా పెట్టేవారు; రెండింటి మధ్య ప్రోగ్రామ్ చచ్చిపోతే తాళం శాశ్వతం. 2.6.12 నుంచి లేకపోతేనే రాయడం, గడువు పెట్టడం ఒకే సెట్ కమాండులో కలిసిపోయాయి.

ఇంత విద్య చేతిలో ఉండగా నేడు జరుగుతున్నదేమిటి? ఫ్రేమ్‌వర్కుల కాష్ పొరలు రెడిస్‌ను మళ్లీ సామాన్ల గదిని చేసి కూర్చోబెట్టాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు అసలు కమాండ్లు కంటబడవు. ‘కాష్‌లో పెట్టు, కాష్‌లోంచి తియ్యి’ అనే రెండు ఫంక్షన్లు చూపించి ఇదే రెడిస్ అంటారు. అరంగుళం మార్పు కోసం రెండు మెగాబైట్ల జేసన్‌ను అటూ ఇటూ మోస్తారు. ఒక కౌంటర్ పెంచడానికి గెట్, ఒకటి కలపడం, సెట్! పైగా మామూలు సెట్ ఆ కీకి ఉన్న గడువును తుడిచేస్తుంది. ఇంకర్, అపెండ్, సెట్‌రేంజ్ దాన్ని ముట్టుకోవు. అరగంటలో పోవాల్సిన లాగిన్ ఏళ్ల తరబడి మెమరీలో పడి ఉండటానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకక్కర్లేదు. గడువును ఉంచమని చెప్పే వెసులుబాటు 6.0లోనే వచ్చింది, ఆ పొరల కింద దాన్ని ఎవరు చూస్తారు? కోట్ల కీలున్న సర్వర్ మీద, కీలన్నిటి పేర్లూ ఒక్కసారే అడిగే ‘కీస్ *’ కొట్టి ఊరంతా నిలబెట్టేవాళ్ల గురించి మాట్లాడకపోవడమే మర్యాద. నెమ్మదించగానే తప్పు సర్వర్‌దే అంటారు, ఇంకో సర్వర్ కొంటారు.

దీనికి ఎదురువాదనలున్నాయి, అన్నీ తేలిగ్గా తీసేసేవి కావు. బిట్లలో రాసింది మనిషి చదవలేడంటారు. నిజమే, 214వ బిట్టు ఎవరి సీటో రెడిస్ చెప్పదు. ఆ పేరూ డబ్బూ అసలు డేటాబేసులో ఉండాలి. ఇక్కడి బిట్టు తగాదా తీర్చడానికి. ఏ ఆఫ్‌సెట్ దేనికో ఒక పేజీలో రాసిపెట్టుకోలేని బద్ధకాన్ని స్ట్రింగ్ నెత్తిన రుద్దకూడదు. చూసుకోకుండా వాడితే ఈ బిట్ల వరస, అంటే బిట్‌మ్యాప్, ముంచుతుందంటారు. అదీ ఒప్పుకోవాలి: ఖాళీ కీలో 400 కోట్లకు పైబడిన స్థానాన ఒక్క బిట్టు పెడితే సర్వర్ దాదాపు 512 మెగాబైట్ల గరిష్ఠ పరిమితి దాకా చోటు కేటాయించాల్సి వస్తుంది. వాడుకరి నంబర్లు 1 నుంచి వరసగా ఉంటేనే ఈ పద్ధతి; చెదురుమదురుగా ఉంటే వద్దు. అన్నిటికన్నా బరువైన వాదన ఇన్‌స్టాగ్రామ్‌ది. 30 కోట్ల ఫొటోలు ఎవరెవరివో గుర్తుంచుకోవడానికి 2011లో వాళ్లు ముందు ఒక్కో ఫొటోకి ఒక్కో స్ట్రింగ్ కీ పెట్టి చూశారు. పది లక్షల కీలకు 70 మెగాబైట్లు, మొత్తానికి 21 గిగాబైట్లు. రెడిస్ ముఖ్య నిర్మాతల్లో ఒకరైన పీటర్ నూర్‌దైస్ సలహాతో హ్యాష్‌లలోకి, అంటే ఒకే కీ కింద ఎన్నో విలువలు పెట్టే రూపంలోకి, మార్చితే అది 5 గిగాబైట్ల లోపుకు దిగింది. స్ట్రింగ్ ఓడిందన్నమాటేగా? ఓడింది చిన్న విలువకు పెద్ద కీ తగిలించే అలవాటు. విలువలోపలి పొదుపు ఎంత తెలిసినా, ప్రతి కీకి ఉండే విడి ఖర్చును మరిచిపోతే అంతే. స్ట్రింగును ప్రేమించేవాడికి అది ఎక్కడ పనికిరాదో ముందు తెలియాలి. మెమరీ చవక కదా అనే వాదనకు మాత్రం జవాబు చెప్పడం కూడా దండగ. సీటు ఇద్దరికి అమ్ముడుపోతే అదనపు మెమరీ ఏం చేస్తుంది?

రెడిస్ చుట్టూ ఇంకో కొట్లాట కూడా ఉంది, లైసెన్సుది. 2024 మార్చిలో రెడిస్ కంపెనీ పాత బీఎస్‌డీ లైసెన్సును వదిలేసింది. ఆ నెలలోనే అదే కోడు నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో వాల్‌కీ అనే శాఖ చీలిపోయింది. 2020లో పక్కకు తప్పుకున్న ఆంటిరెజ్ 2024 చివర్లో తిరిగొచ్చాడు, 2025లో రెడిస్ 8 ఏజీపీఎల్ కిందకు చేరింది. ఎవరి పక్షం వాళ్లది. ఈ వ్యాసకర్త పక్షం ఆంటిరెజ్ రాసిన కోడు ఎక్కడుంటే అక్కడ. సెట్‌బిట్ రెండిళ్లలోనూ అదే జవాబిస్తుంది. కొట్లాడుకునేవాళ్లు ముందు తమ సర్వర్ దగ్గరికెళ్లి ‘రెడిస్-సీఎల్‌ఐ --బిగ్‌కీస్’ నడిపి చూడండి. అన్నిటికన్నా పెద్ద స్ట్రింగ్ పేరు తెర మీదికి వస్తుంది. దాన్ని ఒక్కసారి విప్పి, అందులో రోజూ నిజంగా మారేవి ఎన్ని బైట్లో లెక్కపెట్టండి.