వెలుగునీడల రాజీ

లేపాక్షి వీరభద్రాలయంలో మధ్యాహ్నం ఫొటో తీయడమంటే కెమెరాతో పేచీ పెట్టుకోవడమే. మండపం కప్పు మీది విజయనగర కాలపు బొమ్మలు కనిపించేలా తీస్తే స్తంభాల అవతలి ఆవరణ తెల్లబారిపోతుంది. ఆవరణను కాపాడితే బొమ్మలు చీకట్లో కలిసిపోతాయి. చేయి తిరిగిన ఫొటోగ్రాఫర్ హెచ్‌డీఆర్ మోడ్‌ను వాడే తీరు అక్కడ చూడాలి.

ఆ మోడ్‌లో బటన్ నొక్కితే కెమెరా సాధారణంగా వరుసగా మూడు ఫ్రేములు తీస్తుంది: ముదురుగా ఒకటి, మామూలుగా ఒకటి, లేతగా ఒకటి. వాటిని తనే కలిపి ఒక్క ఫొటో చేస్తుంది. పనంతా యంత్రానిదే అనిపిస్తుంది గానీ, ఎక్స్‌పోజర్ల మధ్య ఎడమెంతో మనిషే తేల్చాలి. ఇలాంటి చోట ఒక స్టాప్ (వెలుగు రెట్టింపో సగమో అయ్యే మెట్టు) ఎడం చాలదు. మరీ పెంచితే నీడలన్నీ తేలిపోయి రాయి కాస్తా ప్లాస్టిక్‌లా తయారవుతుంది. నా ఓటు రెండుకే. భక్తులు కదిలితే ఒక్కొక్కరికి రెండు మూడు రూపాలు పడతాయి. అందుకే వాళ్ళు దాటేదాకా ఆగడం, స్తంభం పక్కన నిలబడి ఊపిరి బిగబట్టడం.

ఇలా కలిపే ఆలోచన కొత్తదేం కాదు. 1850లలోనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికొకటి, ఆకాశానికొకటి నెగటివ్ తీసి ఒకే ప్రింటులో కలిపాడు.

అన్నట్టు, తెలిసినవాళ్ళు మామూలు ఫ్రేమొకటి విడిగా తీసి ఉంచుకుంటారు. కెమెరా కలిపింది నచ్చకపోతే వెనక్కి దారి ఉండాలిగా!