మట్టిలో ముఖం, పైన ఒక చెయ్యి

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ విషవాయువు నిద్రపోతున్న ఊరిమీద పడింది. వేలమంది చనిపోయారు. ఆ వారంలో తీసిన ఫొటోలు ఎన్నో ఉన్నాయి: శవాల వరుసలు, కళ్ళు తెరవలేక ఆసుపత్రుల్లో పడివున్న జనం. అయినా భోపాల్ అనగానే కళ్ళముందు మెదిలేది ఒక పసిబిడ్డ ముఖం.

ఆ బిడ్డను పూడుస్తుండగా ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఫొటో తీశారు. పాబ్లో బార్తొలొమ్యూ రంగుల్లో, రఘు రాయ్ నలుపు తెలుపులో. రంగుల ఫొటో ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటోగా ఎంపికైంది. నా మనసు మాత్రం రాయ్ ఫొటో దగ్గరే ఆగిపోతుంది.

అందులో ఆకాశం లేదు, శ్మశానం లేదు, ఏడ్చేవాళ్ళు లేరు. అంచుల దాకా మట్టీ రాళ్ళే. వాటి నడుమ ముఖం. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. నుదుటి మీదికి చాచిన చెయ్యి ఎవరిదో తెలియదు. ఆ మనిషి కనబడి ఉంటే మన చూపు అతని మీదికి పోయేది, అతన్ని చూసి జాలిపడి ఊరుకునేవాళ్ళం. అతన్ని ఫ్రేము బయట ఉంచేసరికి గుంత మీదికి వంగి చూస్తున్నది మనమే అయ్యాం. ఫొటోలో కూర్పు అంటే ముందుగా ఇదే, ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడం.

ఆ చెయ్యి మట్టి కప్పుతోందా, కడసారి చూపు కోసం తుడుస్తోందా? ఫొటో చెప్పదు. చూసిన ప్రతిసారీ ఆ ప్రశ్న మళ్ళీ లేస్తుంది, గుండెను మళ్ళీ పిండేస్తుంది. రంగుల్లో చర్మం చర్మంగా, మట్టి మట్టిగా విడివిడిగా ఉంటాయి. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద ఛాయల్లో కలిసిపోతాయి. బిడ్డ అప్పటికే సగం మట్టి అయిపోయినట్టుంటుంది.

అంత దగ్గరగా తీయడం చనిపోయినవాళ్ళకు అగౌరవం కాదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. బిడ్డ ఎవరో కూడా తేలలేదు. కానీ ఆ ముఖమే లేకపోతే భోపాల్ మృతులు మనకు ఒక అంకెగా మిగిలేవారు. ఫొటోకు ఒక పరిమితీ ఉంది. భద్రతా ఏర్పాట్లు పనిచేయకపోవడం, 1989లో 47 కోట్ల డాలర్లతో పరిహారం కేసు ముగించడం ఏ ఫ్రేములోనూ పట్టవు. రాయ్‌కు అది తెలుసనే అనుకుంటాను. ఏళ్ళ తర్వాత పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కోసం మళ్ళీ భోపాల్ వెళ్ళి, ప్రాణాలతో మిగిలినవాళ్ళ జీవితాలను, పాడుపడిన ఫ్యాక్టరీని ఫొటోలు తీశారు.

అవి అంత పేరు పొందలేదు. దొరికితే వాటిని కూడా చూడండి. పసిబిడ్డ ఫొటో ముందు ఎంతసేపు ఆగారో, వాటి ముందూ అంతసేపు ఆగండి.